ఆముదం చుక్క

మా మేనల్లుడు ఇంగ్లండ్‌లో చదువు ముగించుకొని వస్తూ మిగతా మామలకు సెంటు సీసాలు తెచ్చి, నాకు మాత్రం ఒక గాలం రీలు తెచ్చాడు. పానగల్లు చెరువు గట్టు మీద వెదురు కట్టె పట్టుకొని పెరిగినవాణ్ణని వాడికి నా మీద గౌరవం.

దాని పేరు సెంటర్‌పిన్. వెనక ఒక పళ్లెం, నడుమ ఒక ఉక్కు సూది, ఆ సూది మీద దారం చుట్టిన చక్రం. అంతే. మామూలు రీళ్లలోలా గేర్లు లేవు. పిడి ఒక్క చుట్టు తిప్పితే చక్రం కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది, అచ్చం బావి గిలక. వాడు ఉండిన నాటింగ్‌హామ్‌లో పూర్వం వీటిని కట్టెతో చేసేవాళ్లట. 1896లో రెడిచ్ ఊరి ఆల్కాక్ కంపెనీ బండి చక్రంలా ఆకులున్న ‘ఏరియల్’ను తెచ్చిందని, దానికి ఇప్పటికీ మోజు తగ్గలేదని చెప్పాడు.

“పారే నీళ్లల్ల బెండు కొట్టుకపోతుంటే ఆ గుంజుడుకే చక్రం దానంతట అదే తిరగాలె మామా. పలచటి నూనె, ఒక్కటంటే ఒక్క చుక్క వెయ్యి. ఎక్కువ వద్దు.”

ఒక్క చుక్క అనేసరికి నాకు కొంచెం నామోషీ అనిపించింది. మా తాత ఎడ్లబండి ఇరుసుకు ఆముదం పట్టిస్తే బండి చప్పుడు లేకుండా పోయేది. ఆముదాలు పండే నల్లగొండలో పుట్టి, ఇంట్లో సీసా పెట్టుకొని, ఇంగ్లిషువాళ్ల పలచటి నూనె కోసం వెతకడమేమిటి? ఒక చిన్న గరిటెడు పోశాను.

ఆ రోజు బాగానే తిరిగింది. ఇంతలో కార్తీకం వచ్చింది. మా ఇంట్లో ఆ నెలంతా చేప మాట ఎత్తడానికి లేదు. రీలు బీరువా ఎక్కింది. నెల పోయిన మర్నాడే దించి చూస్తే చలికి ఆముదం చిక్కబడి, దానికి దుమ్ము తోడై, లోపల హల్వా తయారైంది. వేలితో కొడితే చక్రం ముప్పావు చుట్టు తిరిగి, ఆముదం తాగించిన పిల్లవాడిలా మొండికేసింది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిలో పడే నీడ కదలదు. దాని వెనక శిల్పుల లెక్క ఉంది. నా రీలు కదలకపోవడానికి ఏ లెక్కా లేదు, గరిటె తప్ప.

హాల్లో పేపరు పరిచి నడుమ మర విప్పాను. చక్రం చేతికి వచ్చింది. దాంతోపాటు, టిర్‌ర్‌మని చప్పుడు చేసే పంటిని ఆనించి ఉంచే బుల్లి స్ప్రింగు కూడా వచ్చింది కానీ, అది నా చేతికి రాలేదు. సోఫా కింద పాకాను, చాప దులిపాను. గంట తర్వాత వంటింట్లోంచి మా ఆవిడ గొంతు: “బియ్యంల రాళ్లు చూసిన గని ఇసొంటిది ఎన్నడు చూడలే. ఇగో, మీదేనా?”

పెట్రోలుతో అంతా కడిగాను. వీధి చివరి టైలరు దగ్గర కుట్టుమిషను నూనె అడిగి, అగ్గిపుల్ల కొసతో సూదికి ఒక్క చుక్క అద్దాను. బుద్ధి వచ్చింది. అసలు కథ ఆ తర్వాత.

సూది కొసన ఒక చిన్న మర ఉంది. బిగిస్తే చక్రం మొరాయిస్తుంది. వదులు చేస్తే ఊగుతూ వెనక పళ్లేనికి రాసుకుంటుంది. ఇంకా వదిలితే ఆ సందులోంచి దారం చక్రం వెనక్కి దూరుతుంది. పావు చుట్టు ఇటు, అందులో సగం అటు. ఫోన్లో టైం పెట్టుకొని తిప్పడం మొదలుపెట్టాను. ఇరవై ఐదు సెకన్లు. నలభై. నలభై రెండు. అన్నం చల్లారింది. యాభై ఎనిమిది. రాత్రి పదిన్నరకు, వేలితో ఒక్కసారి కొడితే, నిమిషం పది సెకన్లు!

మా ఆవిడను పిలిచి చూపించాను. చివరిదాకా నిలబడే చూసింది, పాపం.

“ఫ్యానన్నా తిరుగుతది, గాలొస్తది” అని పోయి పడుకుంది.

తెల్లారి మత్స్య సంఘంలో తెలిసినాయన్ను అడిగి చెరువుకు పోయాను. ఎర్రను గుచ్చాను, బెండు సరిచేశాను. పారే నీళ్ల కోసం చేసిన రీలును నిలవ నీళ్లకు తెచ్చానని అప్పుడు తట్టింది. సరే, విసిరితే పోతుంది కదా. విసిరేటప్పుడు చక్రం అంచు మీద బొటనవేలు ఆనించి అదుపు చేయాలి. ఆ క్షణాన నా బొటనవేలు ఫోన్లో వీడియో బటన్ మీద ఉంది, మేనల్లుడికి పంపాలని.

బెండు పది గజాలు పోయి నీళ్లలో పడింది, ఆగింది. ఆగిందని చక్రానికి ఎవరు చెప్పాలి? నిమిషం పది సెకన్లు తిరగమని రాత్రంతా బతిమాలినవాణ్ణి నేనే. అది మాట మీద నిలబడింది. తిరుగుతూ, దారం వదులుతూ, వదిలిన దారాన్ని తనకే చుట్టుకుంటూ, మళ్లీ వదులుతూ...

పక్కన వెదురు కట్టెతో అప్పటికే రెండు జెల్లలు పట్టిన పిల్లగాడు వంగి చూశాడు. “సార్, గిది పతంగి చరక్ కదా?”

వెనక నుంచి ఓ పెద్దమనిషి: “చరక్ గాదురా, పిట్టగూడు.”

ఆ గూడును సంచిలో వేసుకొని మా వీధి అవ్వ దగ్గరికి పోయాను. ఆమెది పుట్టపాక. నూనె పట్టించి నేసే తేలియా రుమాళ్లకు నూలు తయారు చేసిన చేతులు. నేను ఒక కొస పట్టుకొని లాగబోతే చేతి మీద కొట్టింది.

“గుంజకు. గుంజితే బిగుస్తది.”

లాగకుండా, కోయకుండా, ఒక్కో మడతను వేలితో లేపి, వదులు చేసి, ఇంకోదాని కిందినుంచి తీసింది. మధ్యలో ఆముదం సంగతి చెప్పాను.

“ఆముదం కాయలు కాల్చి ఆ బూడిద నూలుకు పెడ్తం గని, గీ మిషిన్ల ఆముదం పోసుడేంది కొడుకా?” అని నవ్వింది. రెండు గంటలు పట్టింది. దారం మొత్తం చుట్టిచ్చి, రీలును అటూ ఇటూ తిప్పి చూసి, వెనకనున్న చిన్న మీటను వేలితో నొక్కింది. టిర్‌ర్‌మని చక్రం నెమ్మదించి ఆగింది.

“గిది ముందుగాల ఏసుకోకపోయినవా?”

సాయంత్రం మేనల్లుడు ఫోన్ చేశాడు. “ఎంత వచ్చింది మామా?”

“నిమిషం పది సెకన్లు” అన్నాను.