పేషెంటుకు మీరేమవుతారు?

కలిసి బతకడం నేరం కాదన్నారు, మంచిదే. అలా బతికేవాళ్లు ఒకరికొకరు ఏమీ కారనడం ఎక్కడి న్యాయం? 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో స్వలింగ జంటలకు, వాళ్ల సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్ పీడ విరగడైంది. పోలీసు భయం తగ్గింది. ఆస్పత్రిలోనూ ఆస్తి దగ్గరా మాత్రం వాళ్లు ఇప్పటికీ పరాయివాళ్లే.

నా మిత్రులిద్దరు, ఇద్దరూ మగవాళ్లే, హైదరాబాద్‌లో ఏళ్లుగా కాపురం ఉంటున్నారు. అద్దె, అప్పులు, ఒకరి తల్లి మందుల ఖర్చు అన్నీ ఉమ్మడే. నిరుడు ఒకరు స్కూటర్ మీంచి పడ్డారు. తలకు దెబ్బ, స్పృహ లేదు, వెంటనే ఆపరేషన్ అన్నారు. అంగీకార పత్రం మీద సంతకం చేయబోతే రెండో మిత్రుణ్ని కౌంటర్‌లో ఆపారు. ‘పేషెంటుకు మీరేమవుతారు?’ స్నేహితుణ్నన్నాడు. ‘రక్తసంబంధీకులను పిలవండి’ అన్నారు. ఏళ్ల తరబడి పలకరింపు లేని అన్న విజయనగరం నుంచి ఫోనులో సరేననేదాకా కాగితం కదల్లేదు. పేషెంటుకు ఏ ఇంజెక్షన్ పడదో తెలిసినవాడు, బీమా కార్డు చేత్తో పట్టుకున్నవాడు వరండాలో నిలబడిపోయాడు. ఆ అన్నకు తమ్ముడి బ్లడ్ గ్రూపు కూడా తెలియదు.

కౌంటర్‌లో ఉన్నామెను నేను తప్పుపట్టను. ఆమె ఫారంలో ఈ బంధానికి గడి లేదు. ఆ గడి పెట్టాల్సింది చట్టం.

హైదరాబాద్‌కే చెందిన స్వలింగ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ తమ పెళ్లికి ఆ గుర్తింపు కోసమే సుప్రీంకోర్టు మెట్లెక్కారు. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులూ తేల్చారు. ఈ బంధాలకు చట్టబద్ధ గుర్తింపు దక్కాలని జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అన్నా, మిగతా ముగ్గురి మాటే నెగ్గింది. పార్లమెంటు చూసుకుంటుందన్నారు. రివ్యూ పిటిషన్లనూ 2025 జనవరిలో కొట్టేశారు. ఈలోగా కేంద్రం చేసిందల్లా 2024లో కొన్ని వివరణలివ్వడం: ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవవచ్చు, దగ్గరి బంధువులు లేనప్పుడు భాగస్వామి మృతదేహాన్ని తీసుకోవచ్చు. చచ్చాక శవాన్ని అప్పగిస్తారట! బతికించుకోవడానికి సంతకం పెట్టనివ్వడం గురించి ఎందుకు మాట్లాడరు?

ఇదంతా పడమటి దేశాల మోజని ఎవరో ఒకరు అననే అంటారు. మన నేల మీద ఇలాంటివాళ్లు లేకపోతే 1919లోనే నిజాం రాజ్యంలో హిజ్రాలను రిజిస్టరులో ఎక్కించి, ఆడ దుస్తులు వేసుకుంటే వారంటు లేకుండా పట్టుకునే చట్టం ఎవరి కోసం చేశారు? దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో!

పెళ్లి చట్టం మార్చడం ఢిల్లీ పనే కావచ్చు. ఆస్పత్రులు రాష్ట్రాల చేతుల్లో ఉన్నాయి. పేషెంటు ముందుగా ఎవరి పేరు రాసిస్తే వారి సంతకమే చెల్లుతుందని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఒక్క జీవో ఇవ్వాలి. పెళ్లి కానివాళ్లకూ, పిల్లలు దగ్గర లేని వృద్ధులకూ అది అక్కరకొస్తుంది. మా ఎమ్మెల్యేకు వినతిపత్రం ఇచ్చాను. జవాబు రాలేదు, మళ్లీ ఇస్తాను. మీరూ మీ ఎమ్మెల్యేను అడగండి.