కారులో వస్తే ట్రాఫిక్, మెట్రోలో వస్తే బద్ధకం

ఈ ఉదయం నేను ఆఫీసుకు పద్దెనిమిది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. చేతిసంచీ బల్ల మీద పెట్టి మంచినీళ్ల సీసా మూత ఇంకా తీయనే లేదు, హెచ్ఆర్ వారి సందేశం వచ్చింది: “ఇకపై మీ ప్రయాణాన్ని ముందుగా ప్లాన్ చేసుకోగలరు.” చివర రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టారు. ఆ నమస్కారం చూసినప్పుడు మండిన ఒళ్లు, రాత్రి తొమ్మిదయినా ఇంకా చల్లారలేదు.

ప్లాన్ అంటే ఏమిటో నాకు నేర్పుతున్న ఆ మహానుభావుల కోసం నా దినచర్యను విన్నవించుకుంటాను. మా ఇల్లు వరంగల్ రోడ్డులో, మేడిపల్లి దాటిన తరువాత ఉంది. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే హైదరాబాద్ నగరానికి సరిగ్గా అవతలి కొసన ఉంది. ఏడు గంటలకల్లా మూడు టిఫిన్ డబ్బాలు కట్టి, ఏడుంబావుకు ప్రధాన రహదారి మీదికి వచ్చి, బస్సు దొరికితే బస్సు, లేకపోతే షేర్ ఆటో పట్టుకుని ఉప్పల్ చేరి, అక్కడ మెట్రో ఎక్కి దాదాపు ఇరవై స్టేషన్లు దాటి రాయదుర్గంలో దిగి, మళ్లీ ఇంకో షేర్ ఆటో కోసం నిలబడే మనిషిని నేను. ఇందులో ప్రతి మజిలీకీ నా దగ్గర రెండో ప్లాన్ ఉంటుంది, కొన్నింటికి మూడోదీ ఉంటుంది. ఈ రోజు చెడిపోయినది మాత్రం ఏ ప్లానుకూ అందనిది. నేనెక్కిన ఆటోలో అయిదుగురం కూర్చున్నాం. ఆరో మనిషి దొరికేదాకా కదలనని డ్రైవరు భీష్మించుకుని కూర్చున్నాడు. ఆ ఆరో మనిషి ఎక్కడో ఇంట్లో తాపీగా ఇడ్లీలు తింటున్నట్టున్నాడు, పదకొండు నిమిషాల తరువాత వచ్చాడు. ఆ ఇడ్లీల సంగతి నేను ముందురోజే ఊహించి ఉండవలసింది కాబోలు.

ఆటో కదిలిన తరువాతైనా కథ సుఖాంతమవుతుందనుకోకండి. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్‌కు, అంటే స్తంభాల మీది రోడ్డుకు, 2018లో శంకుస్థాపన చేశారు. అప్పుడు మా అమ్మాయి ఒకటో తరగతి. అది ఎనిమిదో తరగతికి వచ్చి బీజగణితం లెక్కలు చేస్తున్నప్పుడు కూడా, ఆ స్తంభాల పక్కన గుంతలను లెక్కపెట్టుకుంటూనే నేను ప్రయాణం చేశాను. వానాకాలంలో ఆ గుంతల లోతు, ఎండాకాలంలో ఆ దుమ్ము రుచి మా రోడ్డు వారికి వేరే చెప్పనక్కరలేదు. అన్యాయంగా మాట్లాడకూడదు కనుక, 2023లో ఉప్పల్ రింగ్ రోడ్డు మీద తెరిచిన స్కైవాక్ మాత్రం నిజంగా బాగుందని ఒప్పుకుంటాను. అంతకు ముందు ఆ కూడలిని నడిచి దాటడం ప్రాణాలను అరచేతిలో పెట్టుకుని చేసే పని. అయితే పైన ఎంత చక్కగా నడవగలిగినా, ఆ కూడలి దాకా రావడానికే కదా నా ఉదయం సగం ఖర్చయ్యేది.

మెట్రోలో అడుగు పెడితే మరో లోకం. మొదటి బోగీలో ఆడవారికి కేటాయించిన భాగంలోకి ఉప్పల్‌లో ఎక్కేసరికే సీటన్న మాట ఉండదు, తార్నాక వచ్చేసరికి చెయ్యి పైకెత్తితే మళ్లీ దించడానికి జాగా ఉండదు. నాగోల్ ఒక్క స్టేషన్ వెనకే కనుక, సీటు కోసం ఉప్పల్ నుంచి వెనక్కి నాగోల్ వెళ్లి అదే రైలులో తిరిగి వచ్చే తెలివైన వారున్నారు. రెండుసార్లు నేనూ ఆ పని చేశాను, సిగ్గుపడను. ఆరు బోగీలకు సరిపడా పొడుగున్న ప్లాట్‌ఫాంల మీదికి మూడు బోగీల రైళ్లు వస్తూంటే, ఖాళీగా మిగిలిన ఆ సగం ప్లాట్‌ఫాంను చూసినప్పుడల్లా పెద్ద విస్తరి వేసి గరిటెడు అన్నం వడ్డించిన పెళ్లి భోజనం గుర్తుకు వస్తుంది. చార్జీ మాత్రం పూర్తి విస్తరికే. 2025 మేలో గరిష్ఠ చార్జీని అరవై నుంచి డెబ్బై అయిదు రూపాయలకు పెంచి, జనం గగ్గోలు పెట్టాక కొంత తగ్గించి అరవై తొమ్మిది చేసి, అదే పెద్ద ఉపకారమన్నట్టు ప్రకటించారు.

ఇవన్నీ నేను భరించగలను, ఇన్నేళ్లుగా భరిస్తూనే ఉన్నాను. నన్ను దహించినది వేరే. నేను వచ్చిన పాతిక నిమిషాలకు, అంటే పది దాటాక, మా టీమ్ లీడ్ గారు కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ లోపలికి వచ్చారు. ఆయన ఇల్లు కోకాపేటలో. అయిదారు కిలోమీటర్లుంటుంది, ఓపిక ఉన్న మనిషి నడిచి రాగలిగినంత దూరం. కుర్చీలో వాలి, “అబ్బా, ఏం ట్రాఫిక్ అండీ!” అన్నారు. అంతే, నలుగురు తలలు తిప్పి “అయ్యో, నిజమే సార్, ఈ మధ్య మరీ ఘోరంగా ఉంది” అని పరామర్శించారు, ఒకరు కాఫీ కూడా తెచ్చి ఇచ్చారు. ఆయనకు ఏ సందేశమూ రాలేదు, ఏ నమస్కారమూ అందలేదు. కారులో వచ్చేవారికి ఆలస్యం తుపానులాగా, భూకంపంలాగా పైనుంచి వచ్చి పడుతుంది. బస్సులోనో మెట్రోలోనో వచ్చేవారికి అదే ఆలస్యం వారి బద్ధకంలో నుంచి, పెంపకంలో నుంచి పుట్టుకొస్తుంది. ఆ ట్రాఫిక్ ఎక్కడిదో ఆయన ఎన్నడైనా ఆలోచించారా? నలుగురు కూర్చోగల బండిలో ఒక్కరే కూర్చుని వచ్చే ఆయన వంటి వారందరూ కలిస్తేనే కదా అది ట్రాఫిక్ అయ్యేది!

ఇక్కడితో ఆగుదామనుకున్నాను, కానీ మూడేళ్ల నాటి సంగతి గొంతులో అడ్డం పడింది. ఆ ఏడాది అప్రైజల్‌లో నా పనికి ఒక్క వంక కూడా పెట్టలేక, చివరి గడిలో “సమయపాలన మెరుగుపడాలి” అని రాశారు. జీతం పెంపులో కోత పడింది. కరోనా తరువాత అందరినీ ఆఫీసుకు రమ్మన్నప్పుడు కారున్న వారికి నేలమాళిగలో ఉచితంగా పార్కింగ్ ఇచ్చారు. మెట్రో కార్డు ఖర్చులో కొంతైనా ఇస్తారా అని నేను అడిగినప్పుడు, “మీ ఆడవాళ్లకు బస్సు ఫ్రీయే కదండీ” అని ఒకాయన నవ్వారు. 2023 డిసెంబరు నుంచి బస్సులో నాకు జీరో టికెట్ ఇస్తున్న మాట నిజం. అయితే ఆ బస్సు నన్ను ఉప్పల్‌లో దించుతుంది కానీ ఈయనగారి బల్ల దాకా తీసుకుని రాదు. ఆయన పార్కింగ్ ఉచితమైతే అది ఉద్యోగి సౌకర్యం, నా టికెట్ ఉచితమైతే అది నా నోరు మూయించే బిళ్ల.

ఆఫీసుకు దగ్గరలో ఇల్లు తీసుకోవచ్చు కదా అని సలహా రాయబోతున్న వారికి ముందే చెబుతున్నాను: ఆ అద్దెలు మీరు కట్టండి, నేను రేపే సామాను సర్దుతాను. మెట్రో ఆఫీసు దాకా వస్తుందిలే అనేవారికీ ఒక మాట. రాయదుర్గం నుంచి విమానాశ్రయం దాకా ముప్ఫై ఒక్క కిలోమీటర్ల లైనుకు 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, మరుసటి డిసెంబరులో ప్రభుత్వం మారగానే దానిని పక్కన పెట్టారు. ఈ శంకుస్థాపన రాళ్లన్నీ వరుసగా పరిచి ఉంటే నేను వాటి మీద నడుచుకుంటూనే ఆఫీసుకు వెళ్లేదానిని.

ఈ పోస్టు తిరుగు ప్రయాణంలో, రసూల్‌పుర దగ్గర ఒంటిచేత్తో మొదలుపెట్టి, ఇంటికి వచ్చి పూర్తి చేస్తున్నాను. ఇప్పుడే ఆఫీసు గ్రూపులో టీమ్ లీడ్ గారి సందేశం వచ్చింది. రేపు వర్షం పడే సూచనలున్నాయట, ట్రాఫిక్ ఎక్కువగా ఉండవచ్చట, అందుచేత ఉదయం తొమ్మిదిన్నర సమావేశాన్ని పదిన్నరకు మార్చారట. హెచ్ఆర్ వారు దాని కింద బొటనవేలు పైకెత్తారు.