గోదావరి దాటితే నైపుణ్యమే

మహారాష్ట్ర అంచున గోదావరి ఒడ్డునున్న మా సిరోంచ పిల్లలకు భూగోళం రాదని మాస్టార్లు ఊరికే దిగులు పడతారు. మా మేనల్లుడు ఎనిమిదో తరగతిలో ఉండగా ప్రాణహిత గోదావరిలో ఎక్కడ కలుస్తుందని అడిగితే పైకప్పు చూశాడు. అదే, రాష్ట్ర సరిహద్దు వంతెన మీద ఏ దీపస్తంభం దగ్గర ఉందని అడిగి ఉంటే అడుగులతో సహా కొలిచి చెప్పేవాడు. అది ఫోను నేర్పిన చదువు.

2017లో తెలంగాణ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. మహారాష్ట్ర ఆ జోలికి పోలేదు. అందుకని కాళేశ్వరం ఒడ్డున ఫోను తీస్తే ‘మీ రాష్ట్రంలో ఈ ఆటకు అనుమతి లేదు’ అనేది, వంతెన దాటి మా వైపు రాగానే స్వాగతం పలికేది. అవే పదమూడు ముక్కలు, అవతల జూదం, ఇవతల నైపుణ్యం. గోదావరిలో మునిగితే పాపాలు పోతాయని విన్నాం గానీ, బండి మీద దాటినా పోతాయని పుష్కరాల పురోహితులు కూడా చెప్పలేదు. పైగా మా సర్కారు 1969 నుంచి స్వయంగా లాటరీ నడుపుతోంది. అదృష్టమంటే మాకు చిన్నచూపు లేదు.

పద్దెనిమిదేళ్లు నిండనివారు ఆడకూడదన్న నిబంధనను మావాడు తు.చ. తప్పకుండా పాటించాడు. వాళ్ల నాన్న పాన్ కార్డుతో, వాళ్ల నాన్న వయసుతో ఆడాడు. నేను గదమాయిస్తే నన్నే జాలిగా చూశాడు.

“ఇది జూదం కాదు మామయ్యా, నైపుణ్యం. సుప్రీంకోర్టే చెప్పింది.”

నిజమే, 1960లలోనే చెప్పింది. అయితే కోర్టు ముందున్నది క్లబ్బులో కూర్చుని పేకాడే పెద్దమనుషులు. లెక్కల్లో పదకొండు మార్కులు తెచ్చుకున్న ఈ నిపుణుడు కాదు.

హెచ్చరికలు లేవా అంటే, ఉండేవి. ప్రకటనలో ఐదో వంతు స్థలం హెచ్చరికకే వదలాలని 2020లో ప్రకటనల ప్రమాణాల మండలి చెప్పింది. మిగిలిన నాలుగు వంతుల్లో హీరో నవ్వుతుండేవాడు. టీవీలోనైతే ఆ హెచ్చరికను ముహూర్తం మించిపోతున్న పురోహితుడిలా చదివేవారు. ‘ఆర్థిక నష్టం’, ‘వ్యసనం’, ‘బాధ్యత’ అన్నీ ఒకే ఊపిరిలో అయిపోయేవి, చివర అక్షింతలే తక్కువ. దాన్ని నిదానంగా, కూడబలుక్కుని చదివినవాడిని ఒక్కడినే చూశాను. మా బావ. పత్తి అమ్మిన డబ్బు తేలని బ్యాంకు పాసుపుస్తకం ఒళ్లో పెట్టుకుని చదివాడు.

2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతటా బంద్. ప్రకటన ఇచ్చినా రెండేళ్ల వరకు జైలు, యాభై లక్షల దాకా జరిమానా. ఆ దెబ్బతో మా వంతెన మహిమ పోయి, మామూలు వంతెనైపోయింది.

మట్కాకు మాత్రం ఈ బాధలేవీ లేవు. న్యూయార్క్ పత్తి ధరల మీద బొంబాయిలో పుట్టిన విద్య అది. చీటీ మీద అంకె రాసి పాన్‌ఠేలా వెనక్కి వెళితే చాలు. ఏ హీరో నవ్వనక్కర్లేదు.

ఈలోగా విదేశాల్లో కూర్చున్న బెట్టింగు కంపెనీలకు పత్రికా రచన మీద మనసైంది. పేరు అదే, రంగు అదే, పక్కన ‘వార్తలు’ అన్న మాట కొత్తగా చేరింది. మేనల్లుడి తమ్ముడు ఇప్పుడు ఏడో తరగతి. పొద్దున లేవగానే వార్తలు చూస్తున్నాడని మా బావ మురిసిపోతున్నాడు. దేశంలో ఏం జరుగుతోందిరా అని నిన్న అడిగాను.

“టాస్ ఇంకా వేయలేదు మామయ్యా” అన్నాడు.