జీతం లేని ల్యాబు పనికి చప్పట్లు లేవా?

అమెరికాలోని మన తెలుగు సంఘం మొన్నటి వార్షికోత్సవంలో యువజన విభాగం సన్మాన కార్యక్రమం చూసినవారికి ఆ ఘట్టం గుర్తుండే ఉంటుంది. వేసవి ఇంటర్న్‌షిప్‌లు వచ్చిన పిల్లలను ఒక్కొక్కరినే వేదిక మీదికి పిలిచారు. కంపెనీ ఎంత పెద్దదైతే చప్పట్లు అంత గట్టిగా మోగాయి. చివర్లో వచ్చిన అమ్మాయి తాను విశ్వవిద్యాలయంలో సైకాలజీ రీసెర్చ్ ల్యాబులో చేరానని చెప్పింది. "అయితే అందరూ జాగ్రత్త, మన మనసులో ఉన్నదంతా చదివేస్తుంది!" అన్నాడు వ్యాఖ్యాత. హాలు గొల్లుమంది. ముందు వరుసలోంచి ఎవరో "జీతం ఎంతమ్మా?" అని అడిగారు. జీతం లేదని, కోర్సు క్రెడిట్లు ఇస్తారని ఆమె చెప్పింది. ఈసారి నవ్వు ఇంకాస్త పెద్దగా వచ్చింది. మొమెంటో చేతిలో పెట్టి పంపించేశారు.

నాకు ఎవరి మీదా కోపం లేదు. వ్యాఖ్యాత మంచివాడు, ఏటా మన కోసం గొంతు పోగొట్టుకుంటాడు. ముందు వరుసవారికి మాత్రం ఒక మాట. ఎవరి పిల్లలైనా మన పిల్లలేనన్న చనువుతోనే మీరు జీతం అడుగుతారు, నాకు తెలుసు. నాలుగు వందల మంది ముందు మైకు పట్టుకుని నిలబడిన ఇరవై ఏళ్ళ అమ్మాయికి ఆ చనువు ఎలా వినపడిందో ఆమె ముఖంలో కనిపించింది. మీరు చూడలేదు.

మనసులు చదవడం గురించి నాకు కొంత తెలుసు. పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయాక, దగ్గరి విశ్వవిద్యాలయంలో కోర్సులు తీసుకుంటూ, చిన్నపిల్లల ఎదుగుదల మీద పరిశోధించే ల్యాబులో ట్రైనీగా చేరాను. ("ఈ వయసులో ఎందుకు?" అన్నవారిలో ఈ పత్రిక చదివేవారూ ఉన్నారు. వారికి నమస్కారం.) చేరగానే ఆన్‌లైన్ శిక్షణకు కూర్చోబెట్టారు. మనుషులతో చేసే పరిశోధనలో ఏమేమి చేయకూడదో చెప్పే పాఠాలు, ప్రతి పాఠం చివరా ప్రశ్నలు. అలబామాలోని టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా వందల మంది నల్లజాతి పురుషులకు సిఫిలిస్ ఉందని తెలిసీ, నిజం చెప్పకుండా, చికిత్స చేయకుండా గమనిస్తూ కూర్చున్న దారుణం అందులో ఉంటుంది. అది బయటపడ్డాకే పరిశోధనలో పాల్గొనేవారిని కాపాడేందుకు 1974లో చట్టం, పరిశోధకులు పాటించాల్సిన నైతిక సూత్రాలతో 1979లో బెల్మాంట్ నివేదిక వచ్చాయి. ఆ ప్రశ్నలన్నీ పూర్తి చేసేదాకా నన్ను ఒక్క ఫైలు తెరవనివ్వలేదు.

తర్వాత అసలు పని. వీడియోలో తల్లి, రెండేళ్ళ బాబు, ఇద్దరి మధ్య మూత ఉన్న పెట్టె. దాన్ని తాకే ముందు బాబు తల్లి ముఖం వైపు చూశాడా? చూస్తే ఎప్పుడు, ఎంతసేపు? వీడియోను ముందుకూ వెనక్కూ జరుపుతూ నమోదు చేయాలి. కొద్ది నిమిషాల వీడియోకు మధ్యాహ్నమంతా పట్టేది. నా పక్కన కూర్చున్న కుర్రాడు ఒకచోట "తల్లి కోప్పడింది" అని రాశాడు. ల్యాబు మేనేజరు ఆ గడి మీద వేలు పెట్టి, "కోపం నీకు కనిపించిందా? కనిపించింది రాయి" అంది. వీడియో మళ్ళీ నడిపాడు. కనుబొమలు ముడిపడ్డాయి. పెదవులు బిగిశాయి. చెయ్యి పెట్టె వైపు కదిలి మధ్యలో ఆగింది. కోపం కొట్టేసి ఆ మూడూ రాశాడు.

అదే వీడియోను ఇంకొకరు విడిగా, మొదటివారి రాతలు చూడకుండా నమోదు చేస్తారు. ఇద్దరూ ఎంతవరకు ఏకీభవించారో కప్పా అనే లెక్కతో తేలుస్తారు. కాకతాళీయంగా కలిసిన జవాబులను లెక్కలోంచి తీసేసే ఈ పద్ధతిని మనస్తత్వ శాస్త్రవేత్త జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించాడు. లెక్క కుదరకపోతే ఎదురెదురుగా కూర్చుని వాదించుకోవాలి. తల తిప్పినంత మాత్రాన తల్లిని చూసినట్టేనా, కళ్ళు ఆమె మీద నిలవాలా? దీని మీద నేనూ ఒక సెకండ్ ఇయర్ అమ్మాయీ గంటసేపు పోట్లాడుకున్నాం. చివరకు నియమాల పుస్తకంలో కొత్తగా ఒక వాక్యం చేరింది. అది నాదేనని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను. ఎదుటి మనిషి మనసులో ఏముందో మనకు ఇట్టే తెలిసిపోతుందన్న ధీమాను వదిలించడమే అక్కడి శిక్షణ. సంబంధాలు చూసే దగ్గర నుంచి ఎన్నికల ప్యానెళ్ళ దాకా ఆ ధీమా మనల్ని ఎన్ని తంటాల్లో పడేసిందో కార్యవర్గంలో (ఈసీలో) పనిచేసినవారికి నేను చెప్పనక్కర్లేదు.

ఇంత చాదస్తానికి కారణం ఉంది. సైకాలజీలో అచ్చయిన 100 అధ్యయనాలను పరిశోధకులు కలిసికట్టుగా మళ్ళీ చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. గణాంకపరంగా నిలబడినవి సుమారు 36 శాతమే. తమ రంగం పరువు పోతుందని తెలిసీ వాళ్ళే ఆ లెక్క బయటపెట్టారు.

తల్లిదండ్రుల భయం అర్థం లేనిదని నేను అనను. జీతం లేని పని ఇంట్లో డబ్బున్న పిల్లలకే వీలవుతుంది. ఆ గంటలు ల్యాబులో గడిపితే కాలేజీ భోజనశాలలో సంపాదించుకునే డబ్బు పోతుంది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారికైతే సెమిస్టరు నడుస్తుండగా క్యాంపస్‌లో పనికి వారానికి 20 గంటలే పరిమితి. జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధులతో డిగ్రీ విద్యార్థులకు పరిశోధన నేర్పే ఆర్‌ఈయూ వేసవి కార్యక్రమాల్లో స్టైపెండ్ ఉంటుంది గాని, అది పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికే. సెమిస్టరంతా డేటా ఎంట్రీ చేయించుకుని, పిల్లల పేర్లు కూడా తెలుసుకోని ప్రొఫెసర్లూ ఉన్నారు.

కాని మన లెక్క సగంలోనే ఆగిపోతోంది. ఈ దేశంలో సైకాలజీ పీహెచ్‌డీలో చేరినవారికి చాలాచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. డిగ్రీ తర్వాత మాస్టర్స్ లేకుండానే నేరుగా చేరవచ్చు. మానసిక చికిత్స నేర్పే క్లినికల్ విభాగాలు ఏటా తీసుకునేది కొద్దిమందిని, తీసుకునేటప్పుడు ల్యాబులో ఏం చేశావని గట్టిగా అడుగుతాయి. అంటే నవ్విన ఆ పనే ఆ చదువుకు గడప. కోడింగు పరీక్షలకు హైస్కూల్లోనే కోచింగు పెట్టించే మనం, ప్రొఫెసరుకు ఉత్తరం ఎలా రాయాలో కూడా పిల్లలకు చెప్పం. ఒకే ఉత్తరం యాభై మందికి పంపి జవాబు రాలేదని కుంగిపోతారు. ఆ ప్రొఫెసర్ ఈమధ్య రాసిన వ్యాసం ఒకటి చదివి, అందులో తనకు ఏ ప్రశ్న మిగిలిందో, వారానికి ఎన్ని గంటలు రాగలనో పది పంక్తుల్లో రాస్తే జవాబు వచ్చే అవకాశం ఎంతో మెరుగు.

ఇందులో మన స్వార్థం కూడా ఉంది. అమెరికా మనస్తత్వ శాస్త్ర సంఘం వారి ఆరు ప్రముఖ పత్రికలను మనస్తత్వ శాస్త్రవేత్త జెఫ్రీ ఆర్నెట్ పరిశీలించి 2008లో తేల్చింది ఇదీ: 2003–2007 మధ్య అచ్చయిన అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 68 శాతం అమెరికన్లు, పాశ్చాత్య పారిశ్రామిక దేశాలన్నీ కలిపి 96 శాతం. మన పెద్దల జ్ఞాపకశక్తిని, మన పిల్లల ఒత్తిడిని కొలిచేటప్పుడు ముందు పెట్టుకునేవి ఇలాంటి అధ్యయనాలే. రెండు భాషలు మాట్లాడే వృద్ధులు కావాలని మా విశ్వవిద్యాలయంలోనే ఇంకో ల్యాబు అడిగితే మన వాట్సాప్ బృందంలో పెట్టాను. "పేర్లు బయటికి వస్తే మాకు మతిమరుపనుకుంటారు" అని ఒకరు, "అబ్బాయిని అడిగి చెబుతాం" అని మరొకరు. వచ్చిన ఒకే ఒక్క పెద్దాయన సమ్మతి పత్రం చివరిదాకా చదివి, ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవచ్చన్న వాక్యం దగ్గర ఆగి, "మన మీటింగుల్లో ఈ సౌకర్యం లేదే!" అన్నారు. పరీక్ష మాత్రం పూర్తి చేసే వెళ్ళారు.

కార్యవర్గాన్ని కోరేది పెద్దదేమీ కాదు. స్కాలర్‌షిప్ నిధిలోంచి ఏటా ఒకరికైనా, వీసా నిబంధనలు చూసుకుని, జీతం లేని ల్యాబులో పనిచేసే వేసవికి ఇంటి అద్దె ఇవ్వండి. వచ్చే వార్షికోత్సవంలో రిజిస్ట్రేషన్ బల్ల పక్కన ఐఆర్‌బీ (మనుషులతో చేసే పరిశోధనను ముందే పరిశీలించే విశ్వవిద్యాలయ కమిటీ) ఆమోదం ఉన్న అధ్యయనాలకు ఒక బల్ల కేటాయించండి. వేదిక మీద పిల్లలను జీతం బదులు చేసే పని గురించి అడగమని వ్యాఖ్యాతకు ముందే చెప్పండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ మూడింటినీ తీర్మానంగా నేను ప్రతిపాదిస్తున్నాను. నియమావళి ప్రకారం బలపరిచేవారు ఒకరు కావాలి. ముందు వరుసలోంచి ఎవరైనా లేస్తే మరీ సంతోషం.