సున్న పెట్టలేదని సున్న

విద్యార్థులు నాకు పెట్టిన పేరు సున్న సార్. ఎదురుగా అనరు గానీ, మెట్లు దిగుతుంటే వెనకాల వినపడుతుంది. ఛందస్సు పేపరు ఇరవై రెండేళ్ళుగా నాదే. గురువు ఉండాల్సిన చోట లఘువు పడితే నేను ఊరుకోను. యతి తప్పితే అసలే ఊరుకోను. అలాంటి నాకు ఈమధ్య ఓ క్విజ్ సున్న వేసింది. అదీ నేను రాసిన క్విజ్.

అంతా కాలేజీ అధ్యాపకులకి పెట్టే రిఫ్రెషర్ కోర్సు వల్ల వచ్చింది. ప్రమోషన్ ఫైలు కదలాలంటే అందులో ఆ సర్టిఫికెట్ ఉండాలి. ఈ కోర్సులు నడిపేవాటిని మొదట్లో అకడమిక్ స్టాఫ్ కాలేజీలు అనేవాళ్ళు. తర్వాత మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలు అయ్యాయి. 2023 నుంచి మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాలు. మొదటి పేరున్న రోజుల్లో నేను ఓరియంటేషన్‌కి వెళ్ళాను. హాస్టల్ గది, మెస్సు భోజనం, చివరి రోజు అందరం వరసగా నిలబడి గ్రూప్ ఫొటో. ఇప్పుడు ఆన్‌లైన్. భోజనం మనింట్లోదే, గ్రూప్ ఫొటో అంటే స్క్రీన్‌షాట్. అందులో నాది సగం నుదురూ ఒక సీలింగ్ ఫ్యానూ పడ్డాయి.

పన్నెండు రోజుల కోర్సు. విషయం డిజిటల్ బోధన. ఎవరి పాఠం వాళ్ళు కొత్త పద్ధతిలో తిరగరాసుకోవాలి. మొదటి రోజే కోర్సు అవుట్‌కమ్స్, అంటే పాఠం అయ్యాక విద్యార్థికి ఏం వస్తుందో, రాయమన్నారు. 'విద్యార్థి పద్యంలోని సొగసును ఆస్వాదిస్తాడు' అని రాశాను. రిసోర్స్ పర్సన్‌గా వచ్చిన మేడమ్ చాలా మర్యాదగా, "సార్, ఆస్వాదించడం కొలవలేం కదండీ. కొలవగలిగే క్రియ ఏదైనా వేయండి" అన్నారు. బ్లూమ్ అనే అమెరికా ఆయన బృందం 1956లో చదువులోని స్థాయిలకి ఒక నిచ్చెన కట్టిందట. 2001లో దానికి మరమ్మతు చేసి మెట్లన్నిటికీ క్రియలు తగిలించారట. నిర్వచించు, వర్గీకరించు, విశ్లేషించు, సృష్టించు. క్రియలంటే నాకు భయమేమిటి, వ్యాకరణం కూడా నాదేగా! 'గణ విభజన చేయగలడు' అని మార్చాను. సొగసు పోయింది, మేడమ్ సంతోషించారు.

తర్వాత వాటిని డిగ్రీ మొత్తానికి ఉండే ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్‌తో జతపరచాలి. సంబంధం గట్టిగా ఉంటే 3, ఓ మాదిరిగా ఉంటే 2, పేరుకి ఉంటే 1. ఒక గడిలో 'పర్యావరణ స్పృహ' అని ఉంది. వృత్తపద్యాల పాఠానికీ పర్యావరణానికీ సంబంధం ఏమిటా అని కాసేపు తల గోక్కున్నాను. అంతలో వెలిగింది. ఉత్పలం అంటే కలువ, చంపకం అంటే సంపెంగ, శార్దూలం అంటే పెద్దపులి, మత్తేభం మదపుటేనుగు. ధైర్యంగా 3 వేశాను. కెమిస్ట్రీ ఆయన తన పాఠానికి 2 వేసుకుని నన్ను అసూయగా చూశాడు.

నాలుగో రోజు నాలుగు క్వాడ్రంట్లు. కేంద్రం 2017లో తెచ్చిన 'స్వయం' ఆన్‌లైన్ కోర్సులకి ఇదే లెక్క: వీడియో, చదువుకునే పాఠం, చర్చ, పరీక్ష. పద్యానికి నాలుగు పాదాలున్నట్టే అని నేను తేలిగ్గా తీసుకున్నాను. వీడియోలో మత్తేభం లక్షణం చెబుతుండగా మా కుక్కర్ మూడు విజిళ్ళు వేసింది. అన్నీ గురువులే. అది వదిలేయండి. రెండో పాదం దగ్గర నేను నిజంగా కూలబడ్డాను.

నా నోట్సంతా 2004 నుంచీ డీటీపీ వాళ్ళు వాడే పాత ఫాంటులో కొట్టుకున్నది. దాన్ని కాపీ చేసి ఎల్‌ఎంఎస్‌లో, అంటే పాఠాలూ పరీక్షలూ పెట్టే వెబ్‌సైటులో, అతికిస్తే, నెత్తిన చుక్కలూ టోపీలూ పెట్టుకున్న ఐరోపా అక్షరాలు వరస కట్టాయి. ఏ లాక్షణికుడి తరమూ కాదు వాటికి గణ విభజన చెయ్యడం. బీటెక్ చదువుతున్న మా అమ్మాయి చూసి, "నాన్నా, ఇది తెలుగు వేషం వేసుకున్న ఇంగ్లిష్. ఫాంటు తీసేస్తే వేషం ఊడింది" అంది. తెలుగుకి యూనికోడ్‌లో 1991లోనే చోటిచ్చారట. కబురు నా దాకా రాలేదు. మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్ ఏదో వెతికి, నూట నలభై పేజీలు ఒక రాత్రంతా మార్చింది. కొన్ని వత్తులు పక్క అక్షరాలకి వలస వెళ్ళాయి. కూర్చుని ఒక్కొక్కదాన్నీ సొంతూరికి పంపాను.

ఇక నాలుగో పాదం, అంటే పరీక్ష. అయిదు ప్రశ్నల క్విజ్ చేసి, సొంత క్లాసులో పెట్టి, ఫలితం చూపించాలి. ఖాళీలు పూరించే ప్రశ్నలే పెట్టాను. నాలుగు జవాబుల్లో ఒకటి గుడ్డిగా నొక్కే పద్ధతి నాకు గిట్టదు. మార్కులు ఆ ఎల్‌ఎంఎస్సే వేస్తుందని విని మహదానందపడ్డాను. ఇరవై రెండేళ్ళ ఎర్ర సిరా బరువు దిగినట్టయింది.

ముప్ఫై ఎనిమిది మంది రాశారు. ముప్ఫై ఎనిమిది మందికీ 0.

మర్నాడు క్లాసులో ముప్పావుగంట తిట్టాను. తలలు దించుకుని విన్నారు. పాపం, వాళ్ళకి ఆ మార్కు కొత్త కాదు. సాయంత్రం ఇంట్లో ఇంకా రుసరుసలాడుతుంటే మా అమ్మాయి ఫోను చేతికిచ్చి, "ఓసారి నువ్వు రాయి నాన్నా" అంది. నవ్వుకుంటూ రాశాను. ఉత్పలమాల గణాలు: భ ర న భ భ ర వ. చంపకమాలకి యతి ఎన్నో అక్షరం: 11. సబ్మిట్ నొక్కాను.

0.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి మరీ చూసి వెళ్ళింది.

తీరా చూస్తే తప్పు జవాబుల పట్టికలో ఉంది. మార్చిన నోట్సులోంచి అతికించినప్పుడు ప్రతి జవాబు తోకనా కంటికి కనపడని ఖాళీ ఒకటి అంటుకొచ్చిందట. ఆ ఖాళీని కూడా కలిపి రాసినవాడికే మార్కు. మా అమ్మాయి తోకలన్నీ కోసేసి మళ్ళీ దిద్దించింది. ఈసారి కొందరు గట్టెక్కారు. మిగతావాళ్ళవి ఒక్కొక్కటీ తెరిచి చూద్దును కదా, ఒకడు 'భరనభభరవ' అని కలిపి రాశాడు. సున్న. ఒకమ్మాయి వ గణానికి బదులు 'లగ' అంది. రెండూ ఒకటే, నేనే చెప్పాను. సున్న. ఒకడు 11 బదులు 'పదకొండవ అక్షరం' అని వివరంగా రాశాడు. కష్టపడినందుకు సున్న. మ స జ స త త గ ఏ వృత్తం అంటే పట్టికలో నేను పెట్టింది 'శార్దూలం'. తొమ్మిది మంది 'శార్దూలము' అని రాశారు. సున్న పెట్టలేదని సున్న వేసింది!

ఇంత కఠినంగా నేనెప్పుడూ దిద్దలేదు. ఆ మాట పైకి అంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు.

రాత్రి పదకొండు దాకా కూర్చుని పట్టికలో జవాబులు పెంచుకుంటూ పోయాను. శార్దూలం, శార్దూలము, శార్దూల వృత్తం, శార్దూల విక్రీడితం. దీర్ఘం మరిచినవాళ్ళని కూడా చేర్చుకున్నాను, ఎందుకో ఆ వేళ మనసు మెత్తబడింది. చివరికి వెనక బెంచీ కుర్రాడి జవాబు ఒకటి మిగిలింది. 'పెద్దపులి' అని రాశాడు.

చాలాసేపు చూశాను. వృత్తం పేరు గుర్తులేదు గానీ దాని అర్థం మాత్రం వాడికి గుర్తుంది. ఒక మార్కు వేయడానికి చేయి రాలేదు, సున్న వేయడానికి అసలే రాలేదు. అర మార్కు వేద్దామని గడిలో 0.5 కొట్టాను. తీసుకోలేదు. పూర్ణ సంఖ్యే కావాలని ఎర్రగా చూపించింది.

"అరసున్న వాడకం ఎప్పుడో పోయింది కదా నాన్నా, పడుకో" అని మా అమ్మాయి లాప్‌టాప్ మూసేసింది.