మైలేజీ లెక్కలో గాలి వాటా ఎంత?

కారు ఇంజిన్‌కు చల్లని గాలి అందిస్తే మైలేజీ పెరుగుతుందని కొందరు గట్టిగా నమ్ముతారు. వేడి గాలి అందిస్తేనే పెరుగుతుందని ఇంకొందరు అంతే గట్టిగా వాదిస్తారు. మొదటివారు బానెట్ కింద లావుపాటి గొట్టాలు, కోన్ ఆకారపు ఫిల్టర్లు బిగిస్తారు. రెండోవారు రేడియేటర్ వెనక నుంచో, ఇంజిన్ పొగను బయటికి పంపే గొట్టాల అమరిక అయిన ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ పక్క నుంచో గాలి లాగేలా గొట్టాన్ని మళ్లిస్తారు. తేడా కళ్లారా చూశామని ఇరుపక్షాలూ చెబుతాయి. టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే పరికరం) లేని పెట్రోలు ఇంజిన్ వరకు భౌతికశాస్త్రం కాస్త రెండో పక్షం వైపే మొగ్గుతుంది. ఆ మొగ్గు ఎంతో అంకెల్లో పెట్టి చూస్తే మాత్రం, దానికోసం ఇంజిన్ మీద చేయి వేయడం అనవసరమని తేలుతుంది. ఇరుపక్షాలూ చూశామంటున్న తేడాలో ఎక్కువ భాగం వేరే చోటి నుంచి వస్తోంది.

ముందు బలానికీ పొదుపుకూ ఉన్న తేడాను స్పష్టం చేసుకోవాలి. మధ్యస్థాయి కారు చదునైన రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉండటానికి సుమారు 8 నుంచి 10 కిలోవాట్ల శక్తి చాలు. అదే ఇంజిన్ పూర్తి స్థాయిలో 70, 80 కిలోవాట్లు ఇవ్వగలదు. అంటే మన ప్రయాణంలో అత్యధిక భాగం ఇంజిన్ తన సామర్థ్యంలో ఎనిమిదో వంతుతోనే నడుస్తుంది. ఎగ్జాస్ట్‌లో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయాలంటే పెట్రోలు ఇంజిన్‌లో 1 కిలో ఇంధనానికి 14.7 కిలోల గాలి చొప్పున నిష్పత్తి దాదాపు స్థిరంగా ఉండాలి. కాబట్టి శక్తి తగ్గించాలంటే ఇంధనాన్ని మాత్రమే తగ్గిస్తే కుదరదు, గాలినీ తగ్గించాలి. ఆ పని చేసేది గాలి దారిలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పలక, అంటే థ్రాటిల్.

నింపాదిగా పోతున్న కారులో ఈ థ్రాటిల్ పలక దాదాపు మూసుకునే ఉంటుంది. బయట గాలి పీడనం 100 కిలోపాస్కల్స్ ఉంటే, థ్రాటిల్ నుంచి సిలిండర్లకు గాలిని చేర్చే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ లోపల 40, 50 మాత్రమే ఉంటుంది. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ ఆ పాక్షిక శూన్యం నుంచి గాలిని బలవంతాన గుంజుకోవాలి. ముక్కు సగం మూసుకుని నడుస్తున్న మనిషికి పడే అదనపు శ్రమలాంటిదే ఇది. ఇంజనీర్లు దీన్ని పంపింగ్ నష్టం అంటారు. తక్కువ లోడు మీద నడిచే ఇంజిన్‌లో సిలిండర్ చేసే మొత్తం పనిలో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా దీనికే పోతుంది.

ఇక చల్లగాలి వాదన చూద్దాం. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరి గాలితో పోలిస్తే 50 డిగ్రీల గాలి సాంద్రత 9 శాతానికి పైగా తక్కువ. చల్లని గాలిలో ఆక్సిజన్ ఎక్కువ, దానికి తగ్గట్టు ఇంధనమూ ఎక్కువే పోయవచ్చు, యాక్సిలరేటర్ నేలకు తొక్కినప్పుడు బలమూ ఎక్కువే వస్తుంది. రేసింగ్ కారుకు ఇది ప్రాణం. మైలేజీ లెక్క తేలేది మాత్రం యాక్సిలరేటర్‌ను కొద్దిగా మాత్రమే తొక్కి నడిపే గంటల్లో. అప్పుడు చల్లని, చిక్కని గాలి వస్తే, అదే వేగం నిలబెట్టడానికి థ్రాటిల్ ఇంకాస్త మూసుకుంటుంది. మ్యానిఫోల్డ్‌లో శూన్యం ఇంకాస్త పెరుగుతుంది. పొదుపుకోసం కొన్న సామాను పొదుపుకు ఎదురు తిరిగినట్టే.

గాలి మార్గాన్ని సుగమం చేస్తే చాలని చెప్పేవారికి ఫిల్టర్ సంగతే మంచి జవాబు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఈ విషయాన్ని పరీక్షించింది. కంప్యూటర్ నియంత్రణలో ఇంధనం చిమ్మే ఆధునిక పెట్రోలు కార్లలో ఎయిర్ ఫిల్టర్ బాగా పూడుకుపోయినా మైలేజీలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. తగ్గింది వేగం పుంజుకునే సత్తా. కారణం పైన చెప్పుకున్నదే. గాలికి అడ్డుపడే బాధ్యతను థ్రాటిల్ ఎలాగూ మోస్తోంది, ఫిల్టర్ కొంత అడ్డుపడితే థ్రాటిల్ ఆ మేరకు తెరుచుకుంటుంది. మురికి ఫిల్టరే మైలేజీని మార్చలేనప్పుడు, శుభ్రమైన ఫిల్టర్ స్థానంలో ఖరీదైన ఫిల్టర్ పెడితే ఎలా మారుతుంది? ఫిల్టర్ మార్చవద్దని నేను అనడం లేదు. దుమ్ము నుంచి సిలిండర్‌ను కాపాడటానికి సమయానికి మార్చాల్సిందే.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. కంపెనీ బిగించిన గాలి గొట్టం సాధారణంగా గ్రిల్ వెనక నుంచో, ఫెండర్ లోపలి నుంచో బయటి గాలినే తెస్తుంది. దాన్ని తీసేసి బానెట్ కింద విప్పారిన కోన్ ఫిల్టర్ పెట్టినవారు ఇంజిన్ గదిలోని వేడి గాలిని పీలుస్తున్నారు. చల్లగాలి కిట్ అని పేరుపెట్టి అమ్మే వాటిలో కొన్ని, సరైన అడ్డుగోడ లేకపోతే, చేసే పని దానికి పూర్తిగా వ్యతిరేకం. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు ఇంజిన్ కంప్యూటర్‌కు రీడర్ తగిలించి ఇన్‌టేక్ ఉష్ణోగ్రత చూస్తే అనుమానం తీరిపోతుంది.

ఇప్పుడు వేడిగాలి వాదన. ఇక్కడ సూత్రం నిజమే. గాలి పలచబడితే అదే శక్తికి థ్రాటిల్ ఎక్కువ తెరుచుకోవాలి, పంపింగ్ నష్టం తగ్గాలి. ఎంత తగ్గుతుంది? మ్యానిఫోల్డ్ పీడనం 45 కిలోపాస్కల్స్ ఉందనుకుందాం. గాలిని 30 డిగ్రీలు వేడెక్కిస్తే అంతే ఆక్సిజన్ కోసం ఆ పీడనం 49, 50కి పెరగాలి. బయటి పీడనంతో తేడా 55 నుంచి 50కి దిగుతుంది. అంటే పంపింగ్ నష్టంలో ఎనిమిది, తొమ్మిది శాతం ఆదా. ఆ నష్టమే మొత్తం పనిలో పదో వంతు, ఏడో వంతు కాబట్టి, చివరికి మిగిలేది ఒక శాతం అటూ ఇటూ. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 200 మీటర్లు. ఇదంతా మరే నష్టమూ రాదనుకుంటేనే.

నష్టం వస్తుంది. లోపలికి వచ్చే గాలి వేడి సిలిండర్‌లో పెరిగి పెద్దదవుతుంది. సంపీడన నిష్పత్తి 10 ఉన్న, అంటే గాలిని పదో వంతు చోటులోకి నొక్కే ఇంజిన్‌లో 27 డిగ్రీల గాలిని నొక్కితే దాదాపు 400 డిగ్రీలకు చేరుతుంది. 67 డిగ్రీల గాలిని నొక్కితే 490కి చేరువవుతుంది. మొదట్లో 40 డిగ్రీలే ఉన్న తేడా నొక్కుడు చివరికి 90 అయింది. ఆ వేడికి మిశ్రమం నిప్పురవ్వతో మొదలైన మంట చేరకముందే తనంతట తాను అంటుకునే ప్రమాదం ఉంది. దాన్నే నాకింగ్ అంటారు. నాక్ సెన్సర్ ఆ అదురును పసిగట్టగానే కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. స్పార్క్ ఆలస్యమైతే మంట పిస్టన్‌ను నెట్టాల్సిన అదను తప్పి, వేడి ఎగ్జాస్ట్‌లో కలిసిపోతుంది. ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇంజిన్ తిరుగుడులో రెండు మూడు డిగ్రీల కోణం మేర ఆలస్యం చాలు, ముందు సంపాదించిన ఒక శాతం తుడిచిపెట్టుకుపోవడానికి. వేడెక్కిన వాయువు నుంచి సిలిండర్ గోడలకు జారిపోయే ఉష్ణం కూడా ఎక్కువే.

వేడిగాలిని నమ్మేవారు పాత కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే పరికరం) కార్లను ఉదాహరణగా చూపుతారు. వాటి ఎయిర్ క్లీనర్ ముక్కు దగ్గర చిన్న రేకు తలుపు ఉండేది. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ చుట్టూ రేకు కప్పి, అక్కడి వేడి గాలిని ఒక ముడతల గొట్టం ద్వారా ఆ ముక్కు దాకా తెచ్చేవారు. చల్లగా ఉన్నప్పుడు ఆ తలుపు బయటి గాలిని మూసి వేడి గాలిని లోపలికి వదిలేది, ఇంజిన్ వేడెక్కాక తిరగబడేది. కొన్ని కార్లలో దాన్ని వేసవికి ఒకవైపు, చలికాలానికి మరోవైపు చేత్తోనే తిప్పాల్సి వచ్చేది. చక్కటి ఏర్పాటు, కాదనను. కానీ దాన్ని పెట్టింది పంపింగ్ నష్టం తగ్గించడానికి కాదు. కార్బురేటర్ గొంతులో పెట్రోలు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది. తేమ గాలి అయితే, బయట గడ్డకట్టే చలి లేకపోయినా లోపల మంచు పేరుకుని ఇంజిన్ ఆగిపోయేది. చల్లని మ్యానిఫోల్డ్ గోడలకు ఇంధనం తడిగా అంటుకుపోయేది, చోక్ లాగి మరింత పెట్రోలు పోయాల్సి వచ్చేది. సిలిండర్‌లోకి గాలిని వదిలే వాల్వు ముంగిట్లోనే ఇంధనాన్ని సన్నని తుంపరగా చిమ్మే ఇంజెక్టర్లు వచ్చాక ఆ అవసరం చాలావరకు తీరిపోయింది. అవసరం తీరిన మందును ఇప్పటి ఇంజిన్‌కు మళ్లీ పట్టించడం దేనికి?

పెట్రోలును పూర్తిగా ఆవిరి చేసి కాలిస్తే మైలేజీ కొన్ని రెట్లు పెరుగుతుందన్న ఆశ కూడా ఈ కుటుంబానికి చెందినదే. కెనడాకు చెందిన ఛార్లెస్ నెల్సన్ పోగ్ 1930లలో ఇలాంటి కార్బురేటర్‌కు పేటెంట్లు పొందాడు. గ్యాలనుకు 200 మైళ్లు వస్తుందన్న ప్రచారం దాని చుట్టూ నేటికీ తిరుగుతోంది. అయితే నేటి ఇంజిన్‌లో కాలకుండా పోయే ఇంధనం వందకు రెండు, మూడు పాళ్లే. దాన్ని మొత్తం కాల్చినా దక్కేది ఆ రెండు మూడే.

మరి వేడిలో మైలేజీ బాగుంటుందన్న అనుభవం అబద్ధమా? కాదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క ప్రకారం నగర ప్రయాణంలో 25 డిగ్రీలతో పోలిస్తే మైనస్ 7 డిగ్రీల దగ్గర మామూలు పెట్రోలు కారు మైలేజీ సుమారు 15 శాతం తగ్గుతుంది. ఈ 15 శాతంలో ఇన్‌టేక్ గాలి వాటా చాలా చిన్నది. చలికి ఆయిల్ చిక్కబడుతుంది, గేర్‌బాక్స్ బరువుగా తిరుగుతుంది, టైర్లలో పీడనం పడిపోతుంది, ఇంజిన్ వేడెక్కే దాకా అదనపు ఇంధనం కాలుతుంది. కారు చీల్చుకుపోవాల్సిన గాలే 12 శాతం చిక్కగా ఉంటుంది. చలికాలంలో వేడిగాలి గొట్టం బిగించి, ఎండలు ముదిరే వేళకు మైలేజీ పెరిగిందని సంతోషించేవారు ఋతువు చేసిన పనికి గొట్టాన్ని మెచ్చుకుంటున్నారు.

వేడి చేయకుండానే గాలిని పలచన చేసే మార్గం ప్రకృతిలో ఒకటుంది. ఎత్తైన ప్రదేశం. సముద్రమట్టానికి 1,500 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సుమారు 14 శాతం తక్కువ. అక్కడ థ్రాటిల్ ఎక్కువ తెరుచుకుంటుంది, కారుకు ఎదురొడ్డే గాలి నిరోధం తగ్గుతుంది, నాకింగ్ బెడదా తగ్గుతుంది. టర్బో లేని కార్లు పీఠభూముల మీద బలం కోల్పోయినా ఇంధనం పొదుపుగా వాడటానికి ఇదే కారణం.

కార్ల కంపెనీల ఇంజనీర్లకు ఈ సంగతులన్నీ ఎప్పటి నుంచో తెలుసు. మైలేజీ కోసం వారు ఇంజిన్‌లో చేసిన మార్పులు చూస్తే మన కిట్లు ఎంత పైపైన తిరుగుతున్నాయో అర్థమవుతుంది. బీఎండబ్ల్యూ 2001లో వాల్వుట్రానిక్ తెచ్చింది. గాలిని థ్రాటిల్‌తో కాకుండా, వాల్వు ఎంత ఎత్తు లేవాలో మార్చడం ద్వారా నియంత్రించింది. బ్రిటిష్ ఇంజనీరు జేమ్స్ అట్కిన్సన్ 1882లో ఆలోచించిన ఇంజిన్ సైకిల్‌ను (గాలి పీల్చడం నుంచి పొగ వదలడం దాకా సాగే పనివరుసను) టొయోటా 1997లో ప్రియస్ హైబ్రిడ్ కారులో కొత్త రూపంలో వాడింది. ఇన్‌టేక్ వాల్వును ఆలస్యంగా మూసి, కొంత గాలిని వెనక్కి పంపించి, మండిన వాయువు మాత్రం పూర్తి దూరం వ్యాకోచించేలా చేసింది. నాలుగో తరం ప్రియస్ ఇంజిన్ అత్యుత్తమంగా పనిచేసే చోట ఇంధన శక్తిలో 40 శాతాన్ని పనిగా మార్చగలిగింది. నాకు అన్నిటికంటే ముచ్చటగా తోచేది ఎగ్జాస్ట్ వాయువును తిరిగి లోపలికి పంపే పద్ధతి. ఆక్సిజన్ దాదాపు లేని ఆ వాయువు సిలిండర్‌ను నింపుతుంది, థ్రాటిల్ తెరుచుకుంటుంది. వేడిగాలి పక్షం కోరుకునేదీ ఇదే. అయితే చాలా ఇంజిన్లలో ఆ వాయువును ముందుగా కూలర్‌లో చల్లబరిచి మరీ పంపుతున్నారు. కావాల్సింది వేడి కాదు, థ్రాటిల్ తెరుచుకోవడం.

చల్లగాలి పక్షానికి న్యాయంగా దక్కాల్సిన చోటు కూడా ఉంది. డీజిల్ ఇంజిన్‌లో శక్తిని ఇంధనంతోనే నియంత్రిస్తారు, గాలి గొంతు నొక్కే థ్రాటిల్‌తో కాదు. అక్కడ వేడి గాలి వల్ల లాభం లేదు, నష్టమే. టర్బో పెట్రోలు ఇంజిన్‌లో నొక్కిన గాలి ఎలాగూ కాగిపోతుంది. దాన్ని ఇంటర్‌కూలర్‌తో చల్లబరిస్తేనే స్పార్క్ సరైన అదనులో పడుతుంది. బరువు లాగే, ఎత్తు ఎక్కే టర్బో కారుకు శుభ్రమైన ఇంటర్‌కూలర్ మైలేజీ విషయంలోనూ మేలు చేస్తుంది.

అయస్కాంతాలు, గాలిని సుడి తిప్పే రేకులు, కారు కరెంటుతోనే హైడ్రోజన్ తయారు చేసే డబ్బాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి వందకు పైగా పరికరాలను పరిశీలించింది, మైలేజీని గణనీయంగా పెంచేది ఒక్కటీ కనిపించలేదు. ఒక చిట్కా గురించి మాత్రం హెచ్చరించాలి. గాలి ఉష్ణోగ్రత సెన్సర్ తీగలో చిన్న రెసిస్టర్ కలిపి, గాలి చల్లగా ఉందని కంప్యూటర్‌ను నమ్మించే పని. మామూలు వేగంలో ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ ఈ మోసాన్ని పట్టేసి ఇంధనాన్ని యథాస్థానానికి తెస్తుంది, లాభం సున్నా. పూర్తిగా తొక్కినప్పుడు ఆ దిద్దుబాటు ఉండదు. నిజంగా వేడిగా ఉన్న గాలికి కంప్యూటర్ చల్లగాలికి తగ్గ స్పార్క్ ఇస్తుంది. ఆ దెబ్బ పిస్టన్ మీద పడుతుంది.

ఇక ఈ వివాదం తెగకపోవడానికి అసలు కారణం కొలత. 40 లీటర్ల ట్యాంకు నింపేటప్పుడు గన్ ఒకసారి కాస్త ముందు, ఒకసారి కాస్త తర్వాత ఆగుతుంది. లీటరు తేడా వస్తే అది రెండున్నర శాతం. మనం వెతుకుతున్నదేమో ఒక శాతం. పైగా కొత్త సామాను బిగించిన వారం రోజులు డ్రైవరు కాలు తనకు తెలియకుండానే నెమ్మదిస్తుంది. దీనికి విరుగుడు తెలిసినదే. ఒకే రోజు, ఒకే రోడ్డు, బాగా వేడెక్కిన ఇంజిన్, స్థిరమైన వేగం. మార్పు లేకుండా ఒకసారి, మార్పుతో ఒకసారి, మార్పు తీసేసి మళ్లీ ఒకసారి, రెండు దిశల్లోనూ కొలవాలి. మొదటి, మూడో అంకెలు కలవకపోతే రెండో అంకెకు విలువ లేదు. ఇది కొనేవారి మీద మోపాల్సిన భారం కాదు. పెట్టె మీద హార్స్‌పవర్ ఎంత పెరుగుతుందో ముద్రించే తయారీదారు, మైలేజీ పేరు ఎత్తితే, స్థిరవేగంలో ఇలా కొలిచిన మూడు అంకెలనూ, అప్పటి ఇన్‌టేక్ ఉష్ణోగ్రతనూ దాని పక్కనే ముద్రించాలి.