గడియారాల ఏకగ్రీవం

ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఒకే టైమ్ చూపించాలట. ఇదెక్కడి దౌర్జన్యం అని ఇంతవరకు ఎవరూ అడగలేదు గనక నేనే అడుగుతున్నా. పది గంటల మీటింగ్‌కి పదీ ఇరవైకి వచ్చే మనుషులం, ఆ డబ్బాలో కూర్చున్న క్వార్ట్జ్ ముక్క మాత్రం సెకనుకి 32,768 సార్లు ఊగుతూ ఒక్కసారి కూడా తడబడకూడదా? వేడికి ఒకలా, చల్లదనానికి ఇంకోలా నడుస్తుంది, కాస్త ముందుకో వెనక్కో పోతుంది, దాని బాధ దానిది.

కానీ నెట్‌వర్క్‌లో ఎవరు ఎవరో చూసి లోపలికి పంపే కెర్బరాస్ అనే కాపలా ప్రోటోకాల్ ఒకాయన ఉన్నాడు, ఆయనకి జాలి లేదు. డొమైన్‌లో, అంటే ఆఫీసు కంప్యూటర్లన్నీ ఒకే అదుపులో ఉండే విండోస్ నెట్‌వర్క్‌లో, మామూలు సెట్టింగ్ ప్రకారం గడియారాల మధ్య 5 నిమిషాల కంటే ఎక్కువ తేడా వస్తే లోపలికి టికెట్ ఇవ్వనంటాడు, షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోదు. అప్పుడు హెల్ప్‌డెస్క్ దిగుతుంది, పాస్‌వర్డ్ మారుస్తారు, రీస్టార్ట్ చేయిస్తారు, కేబుల్ పీకి మళ్ళీ పెడతారు, స్క్రీన్ మూలన ఉన్న గడియారం వంక మాత్రం ఒక్కరూ చూడరు. ఊరికే కనిపించేదానికి విలువేముంటుంది చెప్పండి.

ఇంకొంతమంది తెలివైనవాళ్ళు టైమ్‌జోన్ తప్పుగా ఉంటే దాన్ని వదిలేసి గంటలు చేత్తో సరిచేస్తారు. కంటికి టైమ్ కరెక్టు, లోపల యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైమ్ లెక్క, మాత్రం గంటల తేడాలో ఉంటుంది. ఇంత నీట్‌గా తప్పు చేయడం అందరికీ చేతకాదు. ఇక పొద్దున్నే ఆన్ చేయగానే ఏదో పాత సంవత్సరం జనవరి 1కి వెళ్ళిపోయే మెషీన్లున్నాయి, వాటి మీద వైరస్ అనుమానం, ఫార్మాట్ ప్రపోజల్ అన్నీ అయ్యాక తేలేది మదర్‌బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ బిళ్ళ చచ్చిపోయిందని.

అసలు మజా పైన ఉంది. టైమెంత అని పీసీ డొమైన్‌ని నడిపే డొమైన్ కంట్రోలర్ సర్వర్ని అడుగుతుంది, అది పీడీసీ ఎమ్యులేటర్ అనే పెద్ద సర్వర్ని అడుగుతుంది, ఆ పెద్ద సర్వర్ బయట నమ్మకమైన ఎన్‌టీపీ (నెట్‌వర్క్‌లో టైమ్ పంచే పద్ధతి) సర్వర్ని అడగాలి. 1985లో డేవిడ్ మిల్స్ ఎన్‌టీపీని రాసిపెట్టింది ఇందుకే, పైన అణు గడియారం, కింద స్ట్రాటమ్ 1, 2 అని మెట్లు, 16 అంటే ఎవరితోనూ కలవని మెషీన్ అని లెక్క. మన పెద్ద సర్వర్ దగ్గర డబ్ల్యూ32టీఎం అనే విండోస్ టైమ్ కమాండ్ కొట్టి టైమ్ సోర్స్ ఏంటయ్యా అంటే "లోకల్ సీమాస్ క్లాక్" అంటుంది, అంటే నా మదర్‌బోర్డు గడియారమే చాలు, నాకెవరూ చెప్పక్కర్లేదు అని. దాంతో ఆఫీసంతా ఒక్క మాట మీద ఏడు నిమిషాలు లేటు. కెర్బరాస్ హ్యాపీ, ఒక్క అలారం మోగదు, ఇంత ఐకమత్యం ఏ మీటింగ్‌లో చూశారు? ఎవడో ఒకడు ఫోన్ చూసుకుని టైమ్ తేడా ఉందంటే నీ ఫోనే తప్పు అంటారు.

ఆ పెద్ద సర్వర్ వర్చువల్ మెషీన్, అంటే ఇంకో కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచేది, అయితే ఇంకా బాగుంటుంది. కింద దాన్ని మోసే హోస్ట్ ఒక టైమ్ రుద్దుతుంది, పైన ఎన్‌టీపీ సర్వర్ ఇంకోటి చెప్తుంది, ఇద్దరు అత్తల మధ్య కోడలిలా గడియారం ముందుకీ వెనక్కీ గెంతుతుంది. లాగ్స్ తీస్తే సర్వర్ ముందు పడిపోయింది, పడిపోవడానికి కారణం ఆ తర్వాత జరిగింది. ఆ రిపోర్టు మీద మేనేజర్లు సంతకాలు కూడా పెడతారు.

హోస్ట్ సింక్ ఆపేసి పీడీసీని బయటి సర్వర్‌కి కట్టి డబ్ల్యూ32టీఎం రీసింక్ కొడితే సరిపోతుందని ఎవరైనా అంటారేమో, దానికి ఎన్‌టీపీ వెళ్ళే దారి యూడీపీ 123 పోర్టు తెరవాలి కదా, ఫైర్‌వాల్ టీమేమో "మా వైపు ఏం లేదండీ, టికెట్ పెట్టండి" అంటుంది. ఎన్‌టీపీ సెకన్ల లెక్క నిండిపోయి మళ్ళీ సున్నా నుంచి మొదలయ్యేది 2036 ఫిబ్రవరి 7న, టికెట్ ఇవాళే పెడితే అప్పటికి అప్రూవల్ రావచ్చు.